జాజ్ వినే గోదారోళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం ఏడెనిమిది మందిమి. నెలకో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూర్చుని జాజ్ వింటాం. ఒకళ్ళు రికార్డింగు తెస్తారు, ఒకళ్ళు దాని వెనక కథ చెప్తారు, మిగతావాళ్ళం టీ తాగుతూ వింటాం. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవి దాదాపు ఇవేనండి, అందుకని ఒక్కచోట రాసిపెడుతున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, ఏమనుకోకండి, ఇష్టమైన విషయం కదా.

అసలు జాజ్ అంటే ఏంటండి? ఇంగ్లీషు పాటలన్నీ జాజేనా?

కాదండి. అమెరికాలో లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్ ఊళ్ళో 1900కి కాస్త అటూ ఇటూగా పుట్టింది జాజ్. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ దాన్ని తయారుచేశారు. చర్చి పాటలు, పొలం పాటలు, బ్లూస్, రాగ్‌టైమ్, మిలటరీ బ్యాండు ట్యూన్లు, ఫ్రెంచోళ్ళ డాన్సులు, అన్నీ ఆ ఊళ్ళో కలిసిపోయాయి. ఆ ఊళ్ళో కాంగో స్క్వేర్ అని ఒక మైదానం ఉంది, బానిసత్వం ఉన్న రోజుల్లో ఆదివారాలు అక్కడ చేరి డ్రమ్ములు వాయించుకుంటూ ఆడేవాళ్ళు, ఆ లయ ఊళ్ళోంచి పోలేదు.

దీనికి ప్రాణం మాత్రం మన కచేరీవాళ్ళు మనోధర్మం అంటారే, అదే. ట్యూను ఒకసారి వాయిస్తారు, తర్వాత దాని మీద ఎవరికి తోచింది వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, చివర్లో మళ్ళీ ట్యూనుకి వస్తారు. పల్లవి, స్వరకల్పన, మళ్ళీ పల్లవి అనుకోండి, సగం అర్థమైపోయినట్టే.

ఒక్క విషయం చెప్పాలి. న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్ అని కార్నెట్ (ట్రంపెట్టు లాంటిదే, కాస్త పొట్టిది) వాయించేవాడు, ఈ సంగీతానికి మొదటి పెద్దదిక్కు అని ఆయన తర్వాతివాళ్ళంతా చెప్పుకున్నారు. 1907లో మానసిక రోగుల ఆస్పత్రిలో చేర్చారు, 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయించింది ఒక్క ముక్క కూడా మనకి మిగల్లేదు. మొదటి జాజ్ రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో తీశారు, ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్ అని, అందరూ తెల్లవాళ్ళే. అంటే ఈ సంగీతాన్ని పుట్టించినవాళ్ళు మొట్టమొదటి రికార్డు మీద లేరు. నాకైతే ఇది ఎప్పుడు తల్చుకున్నా బాధే, ఎవరు వాయించారో రాసిపెట్టుకోవాలనే మా పట్టుదల ఇక్కడినుంచే మొదలైంది, దాని గురించి కింద చెప్తాను.

కోనసీమలో కూర్చుని న్యూ ఆర్లీన్స్ సంగీతం మనకెందుకండి?

ఈ ప్రశ్న మా ఇంట్లోవాళ్ళే మొదట అడిగేరు. నా జవాబు ఒకటేనండి, ఆ ఊరు మనకి తెలిసిన ఊరే.

మ్యాప్ తీసి చూడండి. మిస్సిస్సిపీ నది సముద్రంలో కలవబోయే ముందు వంపు తిరిగేచోట ఆ ఊరుంది. ఊళ్ళో చాలా భాగం సముద్రమట్టం కన్నా పల్లం, నదికి రెండువైపులా మనకి ఏటిగట్టు ఎలాగో అలాగే గట్లు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫానుకి ఊళ్ళోని కాలవల గట్లు తెగి ఊరు నూటికి ఎనభై వంతులు మునిగింది, వాయిద్యాలు పోయి, ఇళ్ళు పోయి, ఎంతోమంది మ్యుజీషియన్లు వేరే రాష్ట్రాలకి వెళ్ళిపోయారు. 1986 వరద చూసినవాళ్ళకి, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇంకోటి బ్యాండు మేళం. పెళ్ళి ఊరేగింపులో మన బ్యాండులో ఏముంటాయి? క్లారినెట్టు, ట్రంపెట్టు, సాక్సోఫోను, పెద్ద డ్రమ్ము, సైడ్ డ్రమ్ము. న్యూ ఆర్లీన్స్ బ్రాస్ బ్యాండులో ఉండేవీ అవే, దానికి ట్రాంబోను, ట్యూబా కలపండి. అక్కడ పెద్దవాళ్ళు పోతే బ్యాండు పెట్టి తీసుకెళ్తారు. శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా ఏడుపు ట్యూన్లు, ఖననం అయిపోయి వెనక్కొచ్చేటప్పుడు హుషారైన ట్యూన్లు, వెనకాల గొడుగులు పట్టుకుని జనం ఆడుకుంటూ వస్తారు, వాళ్ళని సెకండ్ లైన్ అంటారు. నిండా బతికిన ముసలాయన పోతే డప్పులూ బ్యాండూ పెట్టి సాగనంపే ఊళ్ళలో పుట్టినవాళ్ళం, మనకిది వింతా?

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రాడిగా ఉన్నప్పుడు నది మీద తిరిగే స్టీమర్లలో వాయించాడు, ఫేట్ మారబుల్ అనే ఆయన బ్యాండులో. నోట్స్ చూసి వాయించడం బాగా వంటబట్టింది ఆ పడవల మీదే. పాపికొండల లాంచీ ఎక్కినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

డెల్టా బ్లూస్ అంటే మన డెల్టా లాంటి చోటేనా?

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారండి, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. డెల్టా బ్లూస్‌లో డెల్టా అంటే నది సముద్రంలో కలిసే చోటు కాదు. మిస్సిస్సిపీ రాష్ట్రంలో వాయవ్య మూల, మిస్సిస్సిపీకీ యాజూ నదికీ మధ్యనున్న ఒండ్రు నేల, సముద్రానికి చాలా ఎగువన. ఊరూరా పత్తి తోటలే. చార్లీ ప్యాటన్, సన్ హౌస్, రాబర్ట్ జాన్సన్ అక్కడివాళ్ళు. 1927లో మిస్సిస్సిపీకి వచ్చిన వరద మీద ప్యాటన్ 1929లో రెండు భాగాల పాట రికార్డు చేశాడు, ఏ ఊరికి వెళ్దామన్నా అక్కడా నీళ్ళే అని ఊళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతాడు. వరదల్లో లంకల పేర్లు ఒక్కోటీ టీవీలో చదువుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వింటుంటే.

జాజ్‌కి బ్లూస్ చాలా దగ్గర చుట్టం. బ్లూస్‌లో ఆ ఏడుపు జీర ఎక్కడినుంచి వస్తుందంటే, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఊగే స్వరం ఒకటి పట్టుకుంటారు. పియానో మీద ఆ మెట్టు లేదు, గొంతులోనూ ఊదే వాయిద్యాల్లోనూ పలుకుతుంది. గమకాలు విన్న చెవికి వెంటనే తెలిసిపోతుంది.

ఎక్కడ మొదలెట్టమంటారు?

ఎవరెన్ని చెప్పినా నేను మాత్రం మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’తోనే మొదలెట్టమంటాను. 1959 మార్చి 2, ఏప్రిల్ 22, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. ట్రంపెట్ మైల్స్, టెనర్ సాక్స్ జాన్ కోల్ట్రేన్, ఆల్టో సాక్స్ కానన్‌బాల్ యాడర్లీ, పియానో బిల్ ఎవాన్స్, ఒక్క ట్యూనుకి మాత్రం వింటన్ కెల్లీ, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్.

మొదటి ట్యూను ‘సో వాట్’ పెట్టుకోండి. బేసు ఒక మాట అంటుంది, మిగతావాళ్ళు రెండే రెండు స్వరాలతో ఔను అన్నట్టు జవాబిస్తారు. బుర్రకథలో కథకుడు అంటే వంతలు అందుకున్నట్టు. తర్వాత మైల్స్ సోలో మొదలవుతుంది. ఆయన వాయించే స్వరాలు ఏంటనుకున్నారు, వాళ్ళు డోరియన్ అంటారు గానీ మెట్లు చూస్తే మన ఖరహరప్రియ, 22వ మేళకర్త. గమకాలు మనవి కావు, పోకడ మనది కాదు, రాగం అదే అని నేననను. కానీ మెట్లు అవే కాబట్టి చెవికి కొత్త అనిపించదు. మా దగ్గరికి వచ్చే వీణ టీచరుగారొకరు మొదటిసారి విని కళ్ళు మూసుకుని మెల్లిగా “చక్కని రాజమార్గము” అందుకున్నారు, గదిలో ఎవ్వరం మాట్లాడలేదు.

ట్యూను వరకు బానే ఉంటుంది గానీ సోలోలు మొదలయ్యాక దారి తప్పిపోతున్నానండి.

అందరికీ అంతే. తాళం వేసుకోండి, దారి దొరుకుతుంది. ‘సో వాట్’లో నాలుగేసి లెక్కన లెక్కపెట్టండి, ఒక నాలుగు ఒక బారు. పదహారు బార్లు ఒకచోట ఉంటారు, తర్వాత ఎనిమిది బార్లు శ్రుతే అరమెట్టు పైకి జరిగినట్టు ఉంటుంది, మళ్ళీ ఎనిమిది బార్లు కిందకి వచ్చేస్తారు. మొత్తం 32. దీన్నే ఒక కోరస్ అంటారు, అంటే మన ఆవర్తనం లాంటిది పెద్దది. సోలో ఎంతసేపు సాగినా కింద ఈ 32 బార్లూ తిరుగుతూనే ఉంటాయి, డ్రమ్సూ బేసూ దాన్ని వదలవు. ఆ అరమెట్టు పైకెళ్ళే చోటు ఒక్కటి పట్టుకోగలిగితే చాలు, ఎక్కడున్నారో తెలిసిపోతుంది. మొదటి వారం దొరకదు, నాలుగోసారికి ఠక్కున దొరుకుతుంది, ఆ ఆనందం వేరు.

బ్లూస్ అయితే ఇంకా తేలిక, 12 బార్లే.

‘టేక్ ఫైవ్’ తాళం ఏంటండి?

అయిదు. మనకి ఖండ చాపు రెండూ మూడూ అయితే ఇది మూడూ రెండూగా నడుస్తుంది. 1959 రికార్డింగు, డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, ట్యూను కట్టింది మాత్రం ఆ బ్యాండులో ఆల్టో సాక్స్ వాయించిన పాల్ డెస్మండ్. అదే ఆల్బమ్‌లో ఇంకోటి తొమ్మిదిలో ఉంటుంది, రెండు రెండు రెండు మూడు అని. తాళం వేయడం వచ్చినవాళ్ళకి ఈ ఆల్బమ్ పండగే.

సంగీతం అస్సలు రాదు, వినొచ్చా?

నిక్షేపంగా వినొచ్చు.

మనవాళ్ళెవరైనా ఉన్నారా ఇందులో?

ఉన్నారు, అదీ మన గోదారి నుంచే. మాండలిన్ శ్రీనివాస్‌గారు 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. కర్ణాటక సంగీతం ఎలక్ట్రిక్ మాండలిన్ మీద వాయించి లోకాన్ని ఒప్పించిన మనిషి. ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఏళ్ళ తరబడి వాయించారు. ఆ మెక్‌లాఫ్లిన్ ఎవరంటే, 1969లో మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’, ‘బిచెస్ బ్రూ’ రికార్డింగుల్లో గిటారు వాయించినాయన. అంటే పాలకొల్లుకీ మైల్స్ డేవిస్‌కీ మధ్య ఉన్నది ఒక్కే ఒక్క మనిషి! నేనీ మాట చెప్పినప్పుడల్లా పాలకొల్లు నుంచి వచ్చే మా ఫ్రెండ్ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు, ఆ నెల మేం కలిసి ఏమీ మాట్లాడుకోలేదు, ఆయన్ని వింటూ కూర్చున్నాం అంతే.

సాక్సోఫోను అంటే కద్రి గోపాల్‌నాథ్‌గారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్స్ విని దాని మీద మనసు పడి కర్ణాటక సంగీతం పలికించారు. అమెరికా ఆల్టో సాక్స్ ప్లేయర్ రుద్రేశ్ మహంతప్పతో కలిసి చేసిన ‘కిన్స్‌మెన్’ 2008లో వచ్చింది, ఇద్దరూ ఒకే వాయిద్యం, రెండు దేశాల పద్ధతులు, తప్పకుండా వినండి.

బొంబాయి, కలకత్తాలది ఇంకా పాత కథ. 1930ల్లోనే నల్లజాతి అమెరికన్ మ్యుజీషియన్లు బొంబాయి తాజ్ హోటల్లో వాయించేవాళ్ళు. టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే పియానిస్టు ఈ దేశంలోనే ఉండిపోయి 1945లో కలకత్తాలో కన్నుమూశాడు. వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్న గోవా కుర్రాళ్ళు తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాలకి వెన్నెముక అయ్యారు. చిక్ చాకొలేట్ అనే ట్రంపెట్ ప్లేయర్ 1951 ‘అల్బేలా’ పాటల్లో ఉన్నాడు. అంటే మన తాతలు సిలోన్ రేడియోలో విన్న హిందీ పాటల్లోనే జాజ్ విన్నారు, పేరు తెలీదు అంతే.

పెద్దవాళ్ళెవరైనా మన దేశం వచ్చారా?

‘టేక్ ఫైవ్’ బ్యాండు పియానిస్టు బ్రూబెక్ 1958లో వచ్చాడు, వెళ్ళాక ‘కలకత్తా బ్లూస్’ అని కట్టాడు. డ్యూక్ ఎలింగ్టన్ 1963లో బ్యాండు మొత్తంతో వచ్చాడు, ఢిల్లీలో జబ్బు పడ్డాడు కూడా. ఆ ప్రయాణం లోంచి ‘ఫార్ ఈస్ట్ సూట్’ పుట్టింది. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర మొదలైనప్పుడు టెనర్ సాక్స్ ప్లేయర్ సోనీ రోలిన్స్ వచ్చాడు. కోల్ట్రేన్ రాలేదు గానీ మన సంగీతం మీద ఎంత ఇష్టమంటే 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నాడు. ఆ రవి కూడా ఇప్పుడు పెద్ద సాక్స్ ప్లేయరే.

రికార్డింగు పంపిస్తే, ఎవరు వాయించారో రాయమని ఎందుకు అంత గొడవ చేస్తారు?

ఇదే మా దగ్గరున్న ఒకే ఒక్క రూలు. ట్యూను పేరు, తేదీ, ఊరు, ఎవరు ఏ వాయిద్యం, ఈ నాలుగూ లేకుండా ఎవరూ ఏదీ పంచుకోకూడదు. ఫైలు పేరు ‘జాజ్ సూపర్ 3’ అని ఉంటే వినం, ముందు ఎవరిదో కనుక్కుంటాం.

ఎందుకంటే జాజ్‌లో ట్యూను కన్నా మనిషి ముఖ్యం. ‘బాడీ అండ్ సోల్’ అనే ఒకే పాటని వందలమంది వాయించారు, 1939 అక్టోబరులో కోల్మన్ హాకిన్స్ టెనర్ సాక్స్ మీద వాయించింది అసలు పాట వరసని దాదాపు వదిలేసి సాగుతుంది, అందుకే అది అంత గొప్పది. పేరు లేకపోతే ఆ గొప్ప ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? అదే మనిషి పదేళ్ళ తర్వాత ఎలా మారాడో తేదీ లేకపోతే ఎలా తెలుస్తుంది?

కంపెనీలు కూడా తప్పులు చేశాయండి. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి ముద్రణల్లో రెండో వైపు రెండు ట్యూన్ల పేర్లు తారుమారయ్యాయి. అంతకన్నా పెద్దది, మార్చి 2న వాడిన టేపు మిషను కొంచెం నెమ్మదిగా తిరిగింది, దాంతో మామూలు మిషను మీద పెట్టేసరికి మొదటి వైపు ట్యూన్లు కాస్త వేగంగా, శ్రుతి కాస్త పైకి వచ్చాయి. 1992లో సరిచేసేదాకా, ముప్పై ఏళ్ళ పైన, లోకమంతా ఆ శ్రుతిలోనే విన్నది. రికార్డు పెట్టుకుని పక్కన వాయిద్యం పట్టుకున్నవాళ్ళు మాత్రం, నాది సరిగా లేదేమో అని తీగలు బిగించుకునుంటారు పాపం.

1942 నుంచి 44 దాకా చార్లీ పార్కర్, డిజ్జీ గిల్లెస్పీ రికార్డులు దొరకవేంటి?

సమ్మె అండి. అమెరికా మ్యుజీషియన్ల యూనియన్ 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు ఆపేసింది, రికార్డులు రేడియోల్లో తిప్పుతుంటే మనుషుల పొట్ట కొడుతున్నారు, మాకు వాటా ఇవ్వాలి అని. పెద్ద కంపెనీలు రెండు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్‌ క్లబ్బుల్లో బీబాప్ అనే కొత్త రకం జాజ్ పుడుతోంది, మీరడిగిన ఇద్దరూ దానికి ముఖ్యులు. దాని చిన్నతనం అలా చాలావరకు గాల్లో కలిసిపోయింది. మ్యుజీషియన్లు అడిగింది న్యాయమే, పోయింది మాత్రం తిరిగి రాదు.

లైవ్ రికార్డింగుల మీద మీకంత మోజేంటి, స్టూడియోలోవి శుభ్రంగా ఉంటాయి కదా?

శుభ్రంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఒక కథ చెప్తాను వినండి.

1956 జులై 7 రాత్రి, అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్. ఎలింగ్టన్ బ్యాండు పని అయిపోయింది అని అంటున్న రోజులవి. బాగా రాత్రయింది, కొంతమంది లేచి వెళ్ళిపోతున్నారు కూడా. ఎలింగ్టన్ 1937 నాటి పాత బ్లూస్ ఒకటి తీశాడు, రెండు భాగాలది, మధ్యలో టెనర్ సాక్స్ పాల్ గొన్సాల్వెస్‌ని నీకిష్టమైనంత సేపు వాయించుకో అన్నాడు. ఆయన 27 కోరస్‌లు వాయించాడు! ఒక్కో కోరస్ 12 బార్లు, లెక్కేస్కోండి. ఏడో కోరస్ దగ్గరో ఎక్కడో ఎవరో ఆవిడ లేచి డాన్సు మొదలెట్టింది, జనం కుర్చీల మీదకెక్కారు, ఎలింగ్టన్ కేకలు వేస్తున్నాడు, అవన్నీ వినిపిస్తాయి. మన జాతర్లో గరగల దగ్గర డప్పు ఊపందుకున్నప్పుడు మనుషులు ఎలా అయిపోతారో అలా.

అయితే గొన్సాల్వెస్ పొరపాటున కొలంబియా కంపెనీ మైకు ముందు కాకుండా పక్కన వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోవాళ్ళ మైకు ముందు నిలబడి వాయించాడు. కంపెనీ టేపులో ఆ సోలో దూరంగా ఎక్కడో వినిపిస్తుంది. దానికి తోడు, కచేరీలో మిగతావి చాలా వరకు తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు అతికించి లైవ్ అని అమ్మారు. నలభై ఏళ్ళ పైన జనం అదే విన్నారు. రేడియోవాళ్ళ టేపు దొరికాక, రెండు టేపులూ కలిపి 1999లో అసలు కచేరీ బయటికి తెచ్చారు. అందులో గొన్సాల్వెస్ మన పక్కనే నిలబడి ఊదుతున్నట్టుంటుంది. పాత రికార్డింగు ముందు పెట్టి, తర్వాత ఇది పెడతాం మేం కొత్తగా వచ్చినవాళ్ళకి, ఏమీ చెప్పకుండా. వాళ్ళ మొహాలు చూడాలి.

కోల్ట్రేన్, పియానిస్టు థెలోనియస్ మంక్ కలిసి 1957 నవంబరులో కార్నెగీ హాల్లో వాయించిన టేపు కూడా అంతే, పెట్టెలో పడుండి 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. డీన్ బెనెడెట్టి అని ఒక అభిమాని ఉండేవాడు, 1947, 48ల్లో మిషను మోసుకుని చార్లీ పార్కర్ వాయించే చోటల్లా తిరిగి రికార్డు చేసుకున్నాడు, సరంజామా ఖరీదు కదా, పార్కర్ సోలో మొదలవ్వగానే ఆన్, అవ్వగానే ఆఫ్. అవి 1990లో విడుదలయ్యాయి. ఒక అభిమాని చేసింది అది.

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1960 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో పాడుతూ పాట మధ్యలో మాటలు మర్చిపోయి, మర్చిపోయానన్న సంగతినే పాటలో కట్టి పాడేసింది. స్టూడియోలో అయితే కట్ చేసి మళ్ళీ తీసుండేవాళ్ళు.

మరి ఇవన్నీ పంచుకుంటే కాపీరైటు గొడవ ఉండదా?

మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ట్యూను కట్టినాయన హక్కు వేరే, ఆయన పోయాక 60 ఏళ్ళు. అమెరికాలో 1922 దాకా వచ్చిన రికార్డింగులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి, ఆ తర్వాతవి మెల్లిగా వస్తున్నాయి. మా పద్ధతి ఏంటంటే, పాతవి పంచుకుంటాం, ఇప్పుడు బతికున్నవాళ్ళవి కొనుక్కుంటాం. కచేరీలో ఫోను పైకెత్తి రికార్డు చేసి పంపొద్దు, వాయించినవాళ్ళు సరే అంటే అప్పుడు పంపండి.

ఫోన్లో వినొచ్చా?

ఫోను స్పీకరులో మాత్రం వద్దండి, దండం పెడతాను. బేసులో కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ చిన్న స్పీకరు అది పలకలేదు. బేసు వినపడకపోతే జాజ్‌లో నడక పోయినట్టే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, లేదా ఇంట్లో పాత టేప్‌రికార్డరు బాక్సులుంటే వాటికి తగిలించుకోండి.

మా తాతగారి గ్రామఫోను రికార్డులున్నాయి, ఎలా దాచాలి?

మన డెల్టాలో పెద్ద శత్రువు తేమ, తర్వాత చెదలు. రికార్డులు ఎప్పుడూ నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి. గోడకి ఆనించొద్దు, వానాకాలంలో గోడ చెమర్చి అట్టలకి బూజు పట్టేస్తుంది. బీరువా అడుగున చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి, మధ్యమధ్య మార్చండి. 78 ఆర్‌పీఎం లక్క రికార్డులకి స్పిరిటు అస్సలు తగలకూడదు, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరులో సబ్బు చుక్క వేసి మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, లేబులు తడవనివ్వకండి. ఎల్పీ ముల్లు పెట్టి 78 వాయించొద్దు, దాని గాడి వెడల్పు, వేరే ముల్లు కావాలి. క్యాసెట్లకి తెల్లగా బూజు కనిపిస్తే అలాగే ప్లేయర్లో వేసేయకండి, హెడ్ పాడై దాన్నుంచి మంచి క్యాసెట్లకి కూడా అంటుకుంటుంది. నా క్యాసెట్లు పాతిక దాకా అలాగే పోయాయి.

లైవ్ ఎక్కడ వినొచ్చు? వెళ్తే చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

మన దగ్గర లేదు, నిజం చెప్పాలి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళాలి, లేదా చెన్నై, బెంగళూరు. బొంబాయి ఎన్‌సీపీఏలో, ఢిల్లీ పియానో మ్యాన్ క్లబ్బులో బాగా జరుగుతాయి. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినం, యునెస్కో 2011లో ప్రకటించింది, ఆ వారం పెద్ద ఊళ్ళలో ఏదో ఒకటి ఉంటుంది.

చప్పట్లు ఒక్కో సోలో అవ్వగానే కొట్టొచ్చు, ట్యూను అయ్యేదాకా ఆగక్కర్లేదు. కచేరీలో మంచి స్వరం పడితే ఆహా అంటాం కదా, అలాగే. చివర్లో సాక్సూ డ్రమ్సూ నాలుగేసి బార్లు పంచుకుంటారు, తని ఆవర్తనంలో మృదంగం ఘటం పంచుకున్నట్టు, అప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి వినండి.

మీలో ఎవరైనా వాయిస్తారా?

మేమెవ్వరం వాయించం. కానీ పోయినేడు మాఘమాసం పెళ్ళిళ్ళు అయ్యాక ఒక పెద్దాయన వచ్చేరు, రాజోలు దగ్గర పల్లెటూరు, నలభై ఏళ్ళు బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించి మానేశారు. మా ఫ్రెండు బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చేడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీద గోడకానుకుని కూర్చున్నారు.

సిడ్నీ బెషే ‘సమ్మర్‌టైమ్’ పెట్టాం, 1939 జూన్ 8 రికార్డింగు, బ్లూ నోట్ కంపెనీది. బెషే న్యూ ఆర్లీన్స్ మనిషి, క్లారినెట్టు పిల్లాడిగా నేర్చి తర్వాత సోప్రానో సాక్స్ పట్టుకున్నాడు. పెద్దాయన వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలెట్టాయి, మీటల మీద ఉన్నట్టే, కుడి చిటికెన వేలు కూడా. అయ్యాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మళ్ళీ పెట్టండి బాబూ, ఈయన ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో అందట్లేదు” అన్నారు. మళ్ళీ పెట్టాం. ఈసారి వేళ్ళు కదల్లేదు, పెదాలు బిగించి విన్నారు. “ఈయనెవరండి?” అన్నారు, చెప్పాం. “వెనకాల గిటారు?” టెడ్డీ బన్. “పియానో?” మీడ్ లక్స్ లూయిస్. “డ్రమ్ము ఎంత నెమ్మదిగా కొడుతున్నాడు, గట్టిగా కొట్టడం ఎవడికైనా వచ్చుద్ది.” సిడ్ క్యాట్లెట్ అని చెప్పి, బేసు జానీ విలియమ్స్ అని కూడా చెప్పాం.

అప్పుడు మావాడొకడు, మీ బ్యాండులో ఎవరెవరు ఉండేవారండీ అని అడిగేడు. ఆయన్నెప్పుడూ ఎవరూ ఆ మాట అడగలేదంట. వేళ్ళు మడుచుకుంటూ చెప్పుకొచ్చేరు, క్లారినెట్లు ఇద్దరు, ట్రంపెట్టు ఒకరు, సాక్సు తమ్ముడు వరసవాడు, పెద్ద డ్రమ్ము మామగారు, ఎవరిది ఏ ఊరు, ఎవరు ఏ పాట బాగా ఎత్తుకునేవారు, అన్నీ. మేం రికార్డింగుల వివరాలు రాసుకునే నోటుబుక్కులోనే బెషే కింద పేజీలో రాశాం, పేరు, వాయిద్యం, ఊరు, సుమారుగా ఏ ఏళ్ళు. తాషా వాయించినాయన పేరు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు, ఆ గడి ఖాళీగా వదిలేశాం. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఫోను చేసి చెప్పేరు.